మధూకరం పెట్టిన చేతులకు పాటిచ్చిన ఘంటసాల

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో గురువు దగ్గర కూర్చుని సంగీతం నేర్చుకున్న ఆడవాళ్లు ఎందరుంటారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ 'లవకుశ' పాట ఒక్కటైనా నోటికి రాని ఇల్లు ఉంటుందా? బియ్యం ఏరుతూనో, పిల్లను జోకొడుతూనో, సాగర్ ఎడమ కాలువ కింద నాట్లేస్తూనో ఎవరో ఒకరు కూనిరాగం తీస్తూనే ఉంటారు. సరిగమలు తెలియని మన నోటికి రాగాన్ని అందించిన మనిషి ఘంటసాల వెంకటేశ్వరరావు. గాయకుడిగా ఆయన తెలియనిదెవరికి? ఆ పాటలకు బాణీలు కట్టిందీ ఆయనేనన్న సంగతే ఒక్కోసారి మరిచిపోతాం.

ఆయన 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తల్లి రత్తమ్మ. తండ్రి సూరయ్య మృదంగం వాయించేవారు, తరంగాలు పాడేవారు. తండ్రి పాడుతుంటే ఆ పసివాడు అడుగులేసేవాడు. పదకొండేళ్లకే ఆ తండ్రి పోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక. ఇల్లు గడవడమే కష్టమైన రోజుల్లో మేనమామ ఆదుకున్నారు.

పాట మీది ఆశతో ఆ పిల్లవాడు సంగీతం వచ్చినవాళ్ల ఇళ్లలో చేరాడు. ఒకరింట బట్టలుతికాడు, ఇంకొకరింట వంట చేశాడు. సంగీతం కన్నా చాకిరీయే ఎక్కువైంది. చివరికి వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం రైలెక్కాడు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. చదువు దొరికింది, మరి తిండి? జోలె కట్టుకుని మధూకరానికి బయల్దేరాడు. అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడిగి తెచ్చుకోవడమన్నమాట. ఆ జోలెలో ముద్ద వేసింది ఏ ఊరి ఇల్లాళ్లయినా, పేరు ఎక్కడా రాసి లేని ఆడవాళ్లే కదా! రేపు తమ వంటింట్లో పాడుకోబోయే పాటకు ఆ పూట అన్నం పెట్టామని వాళ్లకేం తెలుసు?

సంగీత కళాశాలలో చదువు ముగించుకుని వచ్చాక 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగారు. ఏడాదిన్నర అలీపురం జైలులో ఉన్నారు. 1944 మార్చి 4న సావిత్రి గారిని పెళ్లాడారు. తన పెళ్లిలో తానే కచేరీ చేశారని చెప్పుకుంటారు. సముద్రాల రాఘవాచార్య గారి ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. 1945లో 'స్వర్గసీమ'లో భానుమతితో కలిసి పాడే అవకాశం వచ్చింది.

ఇక సంగీత దర్శకుడిగా 1949లో 'మనదేశం', 'కీలుగుర్రం', 1950లో 'షావుకారు', 1951లో 'పాతాళభైరవి', 1952లో 'పెళ్లిచేసిచూడు'... వరసగా మరిచిపోలేని చిత్రాలు! 1957లో 'మాయాబజార్'కు మొదట సాలూరి రాజేశ్వరరావు గారు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకుంటే, వాటికి వాద్యాలు కూర్చి, తక్కినవన్నీ చేసి పూర్తి చేసింది ఘంటసాలే. 1962లో వచ్చిన 'గుండమ్మకథ'లో మహిళాలోకం మేలుకున్నదని చమత్కారంగా చెప్పే పాటకు బాణీ కట్టిందీ, పాడిందీ కూడా ఆయనే.

ఆయన చేసిన పెద్ద మార్పు పద్యంలో కనపడుతుంది. పాత నాటకాల్లో పద్యమంటే రాగం సాగదీసి సాగదీసి పాడేవారు. ఆ ఆలాపనలో అసలు మాట మునిగిపోయేది. ఘంటసాల రాగాన్ని కుదించి మాటను పైకి తెచ్చారు. ఏ పాత్ర, ఏ సందర్భం, ఏ బాధ అన్నది వినగానే తెలిసేటట్టు పాడారు. చదువు రాని ముసలమ్మ కూడా పద్యం విని కళ్లొత్తుకుందంటే కారణం అదే.

1963లో విడుదలైన 'లవకుశ' తీత డబ్బు ఇబ్బందులతో అయిదేళ్ల దాకా సాగింది. తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం. ముప్పైకి పైగా పాటలు, పద్యాలు. కథ ఎవరిది? నిండు గర్భిణిగా అడవిపాలైన సీతమ్మది. పిల్లలిద్దరి గొంతులుగా పి. లీల, పి. సుశీల పాడారు. తల్లి కష్టాన్ని పిల్లలు ఊరూరా పాడి చెప్పే ఆ బాణీల్లో ఎక్కడా గమకాల ఆర్భాటం లేదు, ఎవరైనా గొంతు కలపొచ్చు. అందుకే ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకుని తరలి వెళ్లాయి. పాటల్ని మాత్రం అమ్మమ్మలు ఇంటికి తెచ్చుకుని అమ్మలకిచ్చారు, అమ్మలు మనకిచ్చారు.

1970లో పద్మశ్రీ వచ్చింది. ఆరోగ్యం దెబ్బతిన్న చివరి రోజుల్లో భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో పాడారు. ఆ రికార్డు బయటికి రాకముందే, 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. నిండా యాభై రెండేళ్లు లేవు.

ఇప్పుడు ఆ గీత మన వీధుల్లో వినిపిస్తే గుండె ఝల్లుమంటుంది. ఎవరు పోయారోనని తలుపు తీసి చూస్తాం. వైకుంఠ రథం మైకులో తప్ప మరెక్కడా వినకుండా చేసుకున్నాం! గీత చెప్పింది చచ్చినవాడికి కాదు, చేతులాడక నిలబడిపోయిన బతికున్నవాడికి. ఘంటసాల పాడిందీ మనలాంటి బతికున్నవాళ్ల కోసమే. రేపు పొద్దున స్నానం చేసి, కాఫీ కలుపుకుంటూ ఒక్కసారి పెట్టుకుని వినండి. పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. పక్కింటావిడ కంగారుగా వచ్చి ఏమైందని అడిగితే, ఏమీ కాలేదు, ఘంటసాల పాడుతున్నాడు, కూర్చోమని ఆవిడకీ ఓ కప్పు కాఫీ ఇవ్వండి.