ఏనుగెక్కి చెట్లు లెక్కపెట్టిన పండితుడు

కొడగు వైపు వెళ్లినవాళ్లు తోటల గట్ల మీద ముళ్లు లేని లావుపాటి వెదురు పొదలు చూసే ఉంటారు. అక్కడ దాన్ని బర్మా వెదురు అంటారు. లేత మొలకలు కూరకు పనికొస్తాయి, ముదిరిన గడలు అమ్మకానికి పోతాయి. వృక్షశాస్త్రంలో దాని పేరు డెండ్రోకలామస్ బ్రాండిసై. ఆ చివరి మాటలో ఓ మనిషి దాగున్నాడు. ఆయనే డీట్రిచ్ బ్రాండిస్. జర్మనీలో పుట్టి, బర్మా అడవుల్లో నలిగి, మన దేశంలో అడవిని ఒక చదువుగా నిలబెట్టిన మనిషి.

ఇవాళ మెట్టుపాళ్యంలో, శిరసిలో, పొన్నంపేటలో, భువనేశ్వర్‌లో, సిద్దిపేట జిల్లా ములుగులో ఎంతోమంది పిల్లలు ఫారెస్ట్రీ డిగ్రీ చదువుతున్నారు. వాళ్ల పుస్తకాల్లో సిల్వికల్చర్ ఉంటుంది. అంటే చెట్లను పంటలా పెంచి, పంటలా కోసి, మళ్లీ పంట వచ్చేలా చూసుకునే విద్య. వర్కింగ్ ప్లాన్ అనే పాఠమూ ఉంటుంది. ఈ చదువు మనదాకా రావడం వెనక ఉన్న మనిషి కథ ఇది. ఆయన చెప్పినదాంట్లో సగమే మనకు దక్కిన కథ కూడా.

గ్రీకు పండితుడి కొడుకు

బ్రాండిస్ 1824 మార్చి 31న బాన్ నగరంలో పుట్టారు. తండ్రి తత్వశాస్త్రం ఆచార్యుడు. గ్రీసు రాజు ఒట్టో కొలువులో సలహాదారుగా కొన్నాళ్లు ఏథెన్సులో ఉంటే, పిల్లవాడూ వెంట వెళ్లాడు. తర్వాత కోపెన్‌హేగెన్, గోటింగెన్, బాన్ విశ్వవిద్యాలయాల్లో చదివి, బాన్‌లోనే వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడయ్యారు. అంతా సవ్యంగా సాగితే అక్కడే పాఠాలు చెబుతూ ముసలివాడైపోవాల్సిన మనిషి.

పెళ్లి ఆయన దారి మార్చేసింది. 1854లో ఆయన చేసుకున్న రేచల్, బెంగాల్లోని సెరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ కూతురు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది ఆ సెరాంపూర్లోనే. రేచల్ అక్కచెల్లెళ్లలో ఒకరి భర్త సైన్యాధికారి హెన్రీ హేవ్‌లాక్. (మన రాజమండ్రి హేవ్‌లాక్ వంతెనకు ఈయన పేరు కాదు సుమా. అది తర్వాతికాలపు మద్రాసు గవర్నర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు.) ఆ బంధుత్వం వల్ల బ్రాండిస్ సంగతి గవర్నర్ జనరల్ డల్హౌసీ చెవిన పడింది. డల్హౌసీకి అప్పుడు సరిగ్గా అలాంటి మనిషే కావాలి.

ఎందుకంటే... 1852 యుద్ధంలో దిగువ బర్మా కంపెనీ చేతికొచ్చింది. అక్కడి పెగూ అడవుల నిండా టేకు. ఓడలకు టేకును మించిన కర్ర లేదు. మలబారు టేకును అప్పటికే నరికి నరికి ఊడ్చేశారు. నీలంబూరులో కలెక్టర్ కానలీ, చాతు మేనన్ కలిసి టేకు తోటలు వేయిస్తున్నా, ఆ మొక్కలు చేతికి రావాలంటే తరాలు పట్టాలి. పైగా రైళ్లు వస్తున్నాయి. మైలు పట్టాలకు 1,700 నుంచి 2,000 దాకా స్లీపర్లు కావాలి. పెగూ అడవి కూడా మలబారు దారి పట్టకముందే ఎవరో ఒకరు పగ్గం వేయాలి. 1856లో ముప్పై రెండేళ్లు నిండని బ్రాండిస్ పెగూ టేకు అడవుల సూపరింటెండెంటుగా రంగూన్‌లో దిగారు. మన తాతలు రంగం పోయొచ్చామని చెప్పుకునే ఆ రంగూనే.

నాలుగు కర్రలు, ఒక చాకు

ఎంత నరకొచ్చో తేలాలంటే ముందు ఎంత ఉందో తెలియాలి. వేల చదరపు మైళ్ల అడవి. దారుల్లేవు, మ్యాపుల్లేవు, గుమాస్తాల్లేరు. వానాకాలంలో కాగితం నిలవదు, సిరా నిలవదు. బ్రాండిస్ ఓ ఉపాయం పట్టారు. ఏనుగెక్కి అడవి గుండా ఒకే దారిన సాగిపోయేవారు. ఒక చేతిలో నాలుగు కర్రలు, రెండో చేతిలో చాకు. దారికి అటూ ఇటూ కనుచూపు మేరలో టేకు చెట్టు కనిపిస్తే చాలు, దాని లావును బట్టి ఒక కర్ర మీద గాటు. ఆరడుగులు, ఆపైన చుట్టుకొలత ఉన్న చెట్లకు ఒక కర్ర. నాలుగున్నర నుంచి ఆరడుగుల లోపు వాటికి ఇంకోటి. అంతకన్నా సన్నవాటికి, పిల్ల మొక్కలకు మిగతా రెండు. సాయంత్రం గుడారం చేరాక గాట్లు లెక్కేసి పుస్తకంలో ఎక్కించడం. చాకలి పద్దు, పాల పద్దు గోడ మీద గీతలు గీసుకునే మనవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు. కానీ ఒక రాజ్యం అడవుల విధానమంతా ఆ గాట్ల మీదే లేచింది.

తర్వాత ఆయన వేసుకున్న ప్రశ్న ఇంకా ముఖ్యం. రెండో తరగతి చెట్టు లావెక్కి ఆరడుగుల తరగతిలోకి రావడానికి ఎన్నేళ్లు పడుతుంది? పెరుగుదల కొలిచి, ఇరవై నాలుగేళ్లని తేల్చారు. అలాగైతే ఇప్పుడున్న పెద్ద చెట్లలో ఏడాదికి ఇరవై నాలుగో వంతు మాత్రమే తీయాలి. అడవిలో 2,400 పెద్ద చెట్లుంటే ఏడాదికి వంద. చివరి వంద నరికేసరికి రెండో తరగతి చెట్లు వాటి స్థానంలోకి వచ్చి నిలబడి ఉంటాయి. పొదుపు సంఘాల అక్కలకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. వడ్డీ తినాలి, అసలు ముట్టకూడదు. అంతే. ఇప్పుడు సుస్థిర అటవీ యాజమాన్యమని పెద్ద పేరుతో కాలేజీల్లో చెప్పే పాఠానికి మన దేశపు మొదటి రూపాల్లో ఇదొకటి.

నరకడానికీ ఒక పద్ధతి ఉంది. పచ్చి టేకు దుంగ నీళ్లలో మునిగిపోతుంది. అందుకని కాండం చుట్టూ బెరడుతోపాటు లోపలి లేత కర్రను కూడా తెగేలా వలయంగా గాటు పెట్టి, చెట్టును నిలువునా ఎండనిస్తారు. రెండు మూడేళ్లకు ఎండి తేలికవుతుంది. అప్పుడు పడగొట్టి, ఏనుగులతో వాగు దాకా లాగించి, వరద వచ్చినప్పుడు వదులుతారు. ఈ పద్ధతి బర్మావాళ్లకు ముందే తెలుసు. ఏ చెట్టుకు గాటు పడాలన్నది మాత్రం ఇక సర్కారు మనిషే చెప్పాలని బ్రాండిస్ పట్టుబట్టారు. కలప వర్తకులకు అది కంటగింపైంది. అడవులు తమకే వదిలేయమని పైవాళ్ల మీద ఒత్తిడి తెచ్చారు. జ్వరాలు ఒకవైపు, వర్తకులు ఒకవైపు. ఆయన లెక్క వదల్లేదు.

పోడు చేసేవాళ్లే తోటమాలులు

ఈ కథలో మన సరిహద్దు జిల్లాలవాళ్లు ఆగి చూడాల్సింది ఇక్కడే. పెగూ కొండల్లో కరెన్ జాతివాళ్లు అడవి కొట్టి, కాల్చి, ఒకటి రెండేళ్లు పంట పండించుకుని ఇంకో చోటికి పోయేవారు. బర్మా మాటలో దాన్ని తాంగ్యా అంటారు. మన ఏజెన్సీలో, కోరాపుట్‌లో పోడు. కన్నడ సీమలో కుమ్రి. అడవిని తినేసే చీడ ఇదేనని అప్పటి అధికారులు చాలామంది నమ్మారు. 1860 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం కుమ్రిని కట్టడి చేసింది కూడా.

బ్రాండిస్ ఆ పోడునే పనిముట్టు చేసుకున్నారు. కొండ కాల్చి వరి చల్లుకోండి, పైరు మధ్య వరసగా టేకు గింజ కూడా నాటండి, మొలకలను చూసుకుంటే డబ్బిస్తామన్నది బేరం. పంటకు కలుపు తీస్తే మొక్కకూ తీసినట్టే. మనిషి తిండి గింజలు తీసుకుని వెళ్లిపోతాడు, వెనక టేకు తోట మిగులుతుంది. తాంగ్యా పేరుతో ఈ పద్ధతి తర్వాత ఆసియా, ఆఫ్రికా దేశాల దాకా పాకింది. అయితే మురిసిపోనక్కర్లేదు. తోట ఎదిగాక ఆ భూమి కరెన్లకు తిరిగి రాదు. చెట్టు సర్కారుది. ఈ మెలిక సంగతి సిల్వికల్చర్ పుస్తకాల్లో ఒక పేరాకు మించి దొరకదు.

బడి పెట్టారు

1862లో కలకత్తా ప్రభుత్వం ఆయన్ను పిలిపించుకుంది. 1864లో దేశం మొత్తానికి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయ్యారు. శాఖ ఉంది, చట్టం 1865లో వచ్చింది. పని తెలిసినవాళ్లు మాత్రం లేరు. ఇంగ్లండులో అప్పటికి అడవుల చదువే లేదు. అందుకని కుర్రాళ్లను ఫ్రాన్సులోని నాన్సీ బడికీ, జర్మనీ అడవులకూ పంపి నేర్పించారు. ష్లిక్, రిబెన్‌ట్రాప్ అనే ఇద్దరు జర్మన్లను తెచ్చుకున్నారు. ఆయన తర్వాత ఆ కుర్చీలో వరసగా కూర్చున్నది వాళ్లిద్దరే.

1878లో డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ స్కూలు తెరిచారు. ఇది భారతీయుల కోసం. చుట్టుపక్కల అడవులను బడికే అప్పగించి, నల్లబల్ల మీద చెప్పినది చెట్టు కింద చూపించే ఏర్పాటు చేశారు. కొలత, కోత, నాటడం, మంటలార్పడం అన్నీ చేత్తో చేయాల్సిందే. కాకపోతే ఇక్కడ చదివినవాళ్లు రేంజర్లు కావచ్చు, అంతే. పై కొలువులు యూరప్‌లో చదివొచ్చిన దొరలవి. మన దక్షిణాదివాళ్లకూ చాలాకాలం డెహ్రాడూనే గతి. 1912లో కోయంబత్తూరులో మద్రాసు ఫారెస్ట్ కాలేజీ వచ్చాకే ఆ దూరం తగ్గింది.

రాని గ్రామ అడవి

1878లోనే కొత్త అటవీ చట్టం వచ్చింది. దాని వెనక పెద్ద వాదమే నడిచింది. బేడెన్ పావెల్ అనే అధికారి పక్షం వాళ్లు అడవంతా సర్కారుదే, ఊళ్లవాళ్లు వాడుకుంటున్నది హక్కు కాదు, దయ అన్నారు. మద్రాసు రెవెన్యూ బోర్డు దీనికి పూర్తిగా ఎదురు తిరిగింది. ఈ రాజధానిలో ఊరి హక్కులేని అడవే లేదంది. ఆ చట్టం మాకొద్దంది. తెల్ల అధికారులే అలా అన్నారంటే ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, అది రికార్డుల్లో ఉన్న సంగతి.

బ్రాండిస్ మధ్యలో నిలబడ్డారు. విలువైన అడవి కొంత సర్కారు రిజర్వు చేసుకోవాలి, ఊళ్లకు కావాల్సిన కట్టె, మేత, ఆకు కోసం ఊరి అడవులు వేరుగా ఉండాలి, వాటిని ఊరే చూసుకోవాలి అన్నది ఆయన పథకం. జర్మనీలో ఊళ్ల అడవులు ఎంత బాగా నడుస్తాయో ఆయన చూసినవారు. చట్టంలో గ్రామ అడవుల అధ్యాయం చేరింది కూడా. 1927 చట్టంలోనూ అది 28వ సెక్షనుగా నిలిచింది. కానీ దాన్ని అమలు చేసిన చోట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

1881లో ఆయన్ను మద్రాసుకు పంపారు. ఇక్కడి అడవులు తిరిగి, అధికారులతో కూర్చుని సలహాలిచ్చారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ మాత్రమే కాదు, గంజాం, బళ్లారి, సేలం, కోయంబత్తూరు అన్నీ ఆ చట్టం కిందికే వచ్చాయి. ఇక్కడా ఊరి అడవులు పెట్టమని ఆయన తన నివేదికలో గట్టిగానే రాశారు. ఏం జరిగింది? రిజర్వు హద్దు రాళ్లు చకచకా లేచాయి. ఊరి అడవి కాగితం మీదే ఉండిపోయింది. పోడుకు ఆంక్షలు, పశువుల మేతకు పుల్లరి, కట్టెల మోపుకు గార్డు చెయ్యి తడపడం. పల్నాడులో పుల్లరి కట్టం పొమ్మన్న కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకీ గుళ్లకు నేలకొరిగారు. అదే ఏడాది గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన జనానికీ అటవీ శాఖ మీద ఉన్న కసి చిన్నది కాదు.

ఇదంతా బ్రాండిస్ నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ఆయన చేయి లేదనీ చెప్పలేం. రిజర్వు అనే తాళం చేసింది ఆయనే. ఊరికి రెండో తాళంచెవి ఇవ్వమని ఆయన రాసిన చీటీ మాత్రం ఎవరూ చదవలేదు. ఆ చీటీ మళ్లీ పైకి రావడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సొచ్చింది. మన సిరొంచవాళ్లకు తెలిసిన గడ్చిరోలి జిల్లాలోనే, మెంఢా లేఖా అనే ఊరు 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం చేతపట్టుకుంది. వెదురు ఎంత నరకాలో ఆ ఊరి గ్రామసభే కూర్చుని తేల్చుకుంటోంది.

రిటైరైనా పాఠాలు

1883లో బ్రాండిస్ కొలువు వదిలి బాన్ చేరారు. 1887లో సర్ బిరుదు వచ్చింది. ఇంట్లో మాత్రం కూర్చోలేదు. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లను ఏటా జర్మనీ, స్విట్జర్లాండ్ అడవుల వెంట తిప్పుతూ పాఠాలు చెప్పేవారు. అలా ఆయన దగ్గరికొచ్చిన అమెరికా కుర్రాడు గిఫర్డ్ పించో, తర్వాత 1905లో ఆ దేశపు అటవీ సర్వీసుకు మొదటి అధిపతి అయ్యాడు. ఆయన సిఫారసుతో అమెరికా వెళ్లిన కార్ల్ షెంక్ 1898లో బిల్ట్‌మోర్‌లో ఆ దేశపు తొలి ఫారెస్ట్రీ బడి తెరిచాడు. పెగూ కొండల్లో కర్రల మీద పడ్డ గాట్లు అట్లాంటిక్ దాటాయన్నమాట.

డెబ్బై దాటాక ఆయన ఇంకో పని నెత్తికెత్తుకున్నారు. హిందూ దేశంలోని చెట్లు, పొదలు, తీగలు, వెదుళ్లు, తాళ్లు అన్నిటినీ ఒకే పుస్తకంలోకి ఎక్కించాలని. లండన్ క్యూ తోటలో ఎండు కొమ్మల మధ్య ఏళ్ల తరబడి కూర్చున్నారు. నాలుగు వేలకు పైగా జాతులు. అడవిలో తిరిగే రేంజరు గుర్రం మీద పెట్టుకుని పోగలిగేలా ఒక్క సంపుటంలోనే ఇమిడ్చారు. ఇండియన్ ట్రీస్ పేరుతో 1906లో అది అచ్చయి వచ్చింది. ఆయనకప్పుడు ఎనభై రెండేళ్లు. మరుసటి ఏడాది మే నెలలో, పుట్టిన బాన్ ఊళ్లోనే కన్నుమూశారు.