బత్తాయి పండు, మాంటిస్సోరి బడి



మన నల్లగొండ జిల్లా బత్తాయి తోటలకు పేరు పొందినది. హాలియా చుట్టుపక్కల పల్లెల్లో కాపు వచ్చిన రోజుల్లో బత్తాయి లేని ఇల్లు అరుదు. ఈ వారం ఒక పండు గురించీ, ఒక తల్లి గురించీ మీతో మాట్లాడదలచాను.

ఒక ఆదివారం పూజ ముగిశాక గుడి అరుగు మీద మూడేళ్ళ పాప బత్తాయి ఒలవడానికి తంటాలు పడుతున్నది. ఎంతసేపైనా నాలుగు ముక్కలకు మించి తొక్క ఊడలేదు. నాకు జాలి వేసింది. పండు తీసుకుని నిమిషంలో ఒలిచి, తొనలు విడదీసి పాప చేతిలో పెట్టాను. సంతోషిస్తుందనుకున్నాను. పాప తొనలు నేల మీద పడేసి గుక్కపెట్టి ఏడ్చింది. వాళ్ళమ్మ బిడ్డను కోప్పడింది. తప్పు బిడ్డది కాదు, నాదేనని ఆ సాయంత్రం గాని నాకు తోచలేదు. పాపకు కావలసింది పండు కాదు, పండు ఒలిచే పని. ఆ పనిని నేను లాక్కున్నాను.

ఈ సంగతిని నూరేళ్ళకు ముందే కనిపెట్టి లోకానికి చాటిన మహిళ డాక్టర్ మరియా మాంటిస్సోరి. ఆమె పేరు ఈనాడు ఎన్నో బడుల బోర్డుల మీద కనిపిస్తుంది. ఆమె జీవితం మాత్రం మనలో కొందరికే తెలుసు.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే ఊరిలో కతోలిక కుటుంబంలో జన్మించారు. ఆడపిల్లలు వైద్యం చదవడం వింతగా భావించిన కాలమది. తండ్రికి ఇష్టం లేదు. తల్లి మాత్రం అండగా నిలిచింది. మగ విద్యార్థులతో కలిసి శవపరీక్ష చేయడం తగదని చెప్పి, అందరూ వెళ్ళిపోయాక ఆమెను ఒంటరిగా ఆ పని చేసుకోమన్నారు. అన్నిటినీ ఓర్చుకుని 1896లో రోము విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా అందుకున్నారు.

ఉద్యోగరీత్యా ఆమె రోములోని మానసిక రోగుల ఆశ్రమాలకు వెళ్ళేవారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను కూడా ఆ రోజుల్లో అక్కడే, ఖాళీ గదుల్లో ఉంచేవారు. అన్నం తిన్నాక ఆ పిల్లలు నేల మీద పడిన రొట్టె తునకల కోసం పాకులాడేవారు. చూసేవారికి అది తిండి మీద ఆశగా కనిపించింది. మాంటిస్సోరి గారికి మరొకటి కనిపించింది. ఆ గదిలో చేత్తో పట్టుకోవడానికి రొట్టె తునక తప్ప మరేదీ లేదు. ఆ పిల్లల ఆకలి కడుపుది కాదు, చేతులది. అంతకు ముందు ఇటార్, సెగాన్ అనే ఫ్రెంచి వైద్యులు ఇలాంటి పిల్లల మీద చేసిన కృషిని ఆమె శ్రద్ధగా చదివి, ఆ దారిలో పిల్లలకు నేర్పడం ప్రారంభించారు.

1907 జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగ నాడు, రోములోని సాన్ లోరెంజో అనే పేదల పేటలో ఆమె మొదటి బాలల గృహం తెరిచారు. తల్లిదండ్రులు కూలికి పోతే, బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేసేవారు. వారిని కనిపెట్టి ఉండడం కోసమే ఇంటి యజమానులు ఆమెను పిలిచారు. అక్కడ ఆమె చూసింది ఆమెకే ఆశ్చర్యం కలిగించింది. పిల్లలు ఖరీదైన బొమ్మలను పక్కన పెట్టి, పని సామగ్రిని ఎంచుకున్నారు. ఒకనాడు అలమరకు తాళం వేయడం మరచిపోతే, పిల్లలు తమకు కావలసినవి తామే తీసుకుని నిశ్శబ్దంగా పనిలో మునిగారు. వారిని శిక్షించే బదులు ఆమె పిల్లలకు అందే ఎత్తులో తెరచిన అలమరలు పెట్టించారు.

ఆమె పద్ధతిని మన ఇంటి పండ్లతో ఎలా పాటించవచ్చునో చూద్దాం.

మొదటిది, పేరు నేర్పడం. సెగాన్ నుండి ఆమె గ్రహించిన మూడు మెట్ల పాఠం ఇది. బాగా తేడా ఉన్న రెండు పండ్లు, ఒక అరటి, ఒక బత్తాయి, బిడ్డ ముందు పెట్టండి. ఒక్కొక్కటి చేతికిచ్చి పేరు మాత్రం చెప్పండి. ఇది మొదటి మెట్టు. తరువాత అరటి ఏదో, బత్తాయి ఏదో చూపమనండి. ఇది రెండవది. చివరకు ఒక పండు చూపి అదేమిటని అడగండి. బిడ్డ తప్పు చెబితే కసరవద్దు, అందరి ముందు దిద్దవద్దు. ఇంకా సమయం రాలేదనుకుని, మరునాడు మొదటి మెట్టుకు వెళ్ళండి.

రెండవది, ఇంద్రియాలకు పని. గుడ్డ సంచిలో జామ, నిమ్మ, అరటి వేసి, చూడకుండా చేయి పెట్టి ఏ పండో తడిమి చెప్పమనండి. కళ్ళు మూసి, వాసనతో నిమ్మనూ బత్తాయినీ గుర్తుపట్టమనండి. జామకాయలు, నిమ్మకాయలు ఒకే గంపలో కలిపి, రెండు గిన్నెలలోకి వేరు చేయమనండి. నాలుగేళ్ళ బిడ్డయితే అయిదు జామకాయలను చిన్న దాని నుండి పెద్ద దాని వరకు వరుసగా పేర్చగలడు. ఒకటి తప్పిన చోట పెడితే వరుస తానే ఆ తప్పు చూపిస్తుంది. మనం చెప్పనక్కర లేదు.

మూడవది, నిజమైన పని. ఏడాదిన్నర బిడ్డ పండును గిన్నె నీళ్ళలో కడగగలడు. రెండు మూడేళ్ళ బిడ్డ అరటిపండు, బత్తాయి ఒలవగలడు. గోటితో మొదటి గాటు మాత్రం మీరు పెట్టి ఇవ్వండి. ముందుగా మీరు నెమ్మదిగా, మాటలు తగ్గించి ఒకసారి చేసి చూపండి, తరువాత చేతులు కట్టుకుని కూర్చోండి. తొనలు లెక్కించి ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచితే లెక్కలూ వస్తాయి, పంచుకునే గుణమూ వస్తుంది. తొక్కలు ఏరి పారవేయడం, నేల తుడవడం కూడా ఆ పాఠంలో భాగమే.

ఒక జాగ్రత్త. పసిపిల్లలకు ద్రాక్ష పండు అలాగే ఇవ్వరాదు, గొంతుకు అడ్డుపడుతుంది. నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. సీతాఫలం, రేగు, నేరేడు గింజలు తీసి ఇవ్వాలి. కూర్చోబెట్టి, దగ్గర ఉండి తినిపించాలి.

ద్రాక్ష అన్నాను కనుక ఒక మాట. స్పెయిన్ దేశంలోని బార్సెలోనాలో ఆమె పద్ధతిలో నడిచిన బడిలో పిల్లలే గోధుమలు విత్తి, ద్రాక్ష తీగలు పెంచేవారు. ఆ పంట దివ్యపూజకు కావలసిన అప్పానికీ ద్రాక్షారసానికీ ఉద్దేశించినది. పీఠం మీది అర్పణ ఎక్కడ నుండి వస్తుందో ఆ పిల్లలకు చేతులే చెప్పాయి.

ఇక ఆమె జీవితంలోని గాయాన్ని దాచకుండా చెప్పాలి. 1898లో, పెళ్ళి కాకుండానే, ఆమెకు మారియో అనే కుమారుడు కలిగాడు. లోకనిందకు వెరచి ఆ బిడ్డను పల్లెలో ఒక దాది దగ్గర పెంచారు. ఆమె అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేవారు. లోకం పిల్లలందరి చేతులనూ గమనించిన తల్లి తన బిడ్డ తొలి అడుగులను దగ్గరుండి చూడలేకపోయారు. 1912లో ఆమె తల్లి మరణించాక, సుమారు పదిహేనేళ్ళ వయసులో మారియో ఆమె దగ్గరకు వచ్చాడు. ఆ తరువాత కూడా చాలాకాలం లోకానికి అతడు ఆమె బంధువుగానే పరిచయం.

ముస్సోలినీ ప్రభుత్వం ఇటలీలో ఆమె బడులను మూయించింది. 1936లో అంతర్యుద్ధం వల్ల స్పెయిన్‌ను విడిచారు. 1939 చివరలో, దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై, తల్లీకొడుకులు మద్రాసు చేరి అడయారులో మూడు వందల మందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించారు. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ మద్రాసు రాష్ట్రంలోనివే. మన నల్లగొండ నిజాం రాజ్యంలో ఉండేది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిషు ప్రభుత్వం మారియోను నిర్బంధించింది. ఆమెను అడయారు దాటనివ్వలేదు. ఆగస్టు 31న ఆమెకు డెబ్బయి ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా వైస్రాయి మారియోను విడుదల చేయిస్తూ, అతడిని ఆమె కుమారుడని పేర్కొన్నారు. లోకం ఎదుట ఆ తల్లికి కొడుకు దక్కింది మన దేశంలోనే.

యుద్ధకాలంలో కొంతకాలం కొడైకెనాల్‌లో ఉండి, చెట్టూ పురుగూ పువ్వూ కాయా పాఠాలుగా పిల్లలకు నేర్పించారు. 1946లో ఐరోపాకు వెళ్ళి, మళ్ళీ వచ్చి 1949 వరకు మన దేశంలో పనిచేశారు. ఆమె దగ్గర శిక్షణ పొందిన భారతీయ ఉపాధ్యాయులు వెయ్యి మందికి పైగా ఉన్నారు. తరువాత 1955లో విజయవాడలో కోటేశ్వరమ్మ గారు ఆమె పేరుతోనే పిల్లల బడి ప్రారంభించారు. మాంటిస్సోరి గారు 1952 మే 6న హాలెండు దేశంలోని నూర్డ్‌విక్ అనే సముద్రతీరపు ఊరిలో కన్నుమూశారు. అక్కడి కతోలిక శ్మశానంలోనే ఆమె సమాధి ఉంది.

పాఠకులారా, రెండున్నరేళ్ళ బిడ్డను ఇంగ్లీషు నర్సరీలో వేయడానికి అప్పు ఎక్కడ దొరుకుతుందని అడిగిన తల్లులు నా విచారణలో ఉన్నారు. నాట్లకూ పత్తి ఏరడానికీ పోయే మాకు బిడ్డతో కూర్చునే తీరిక ఎక్కడిదని అడిగినవారూ ఉన్నారు. వారి బాధ నిజమే. అయితే సాన్ లోరెంజో పిల్లలు కూడా కూలివారి బిడ్డలే. వారికి దక్కినది డబ్బుతో కొనే చదువు కాదు. తమ చేతులను నమ్మిన ఒక పెద్ద మనిషి దక్కింది. పొద్దు గూకాక పది నిమిషాలు, ఒక్క పండు, తొందరపెట్టని ఒక తల్లి గాని తండ్రి గాని ఉంటే చాలు. పోయిన బాల్యాన్ని మళ్ళీ తెచ్చుకోలేమని మారియో తల్లికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఆ పాప తరువాతి ఆదివారం మళ్ళీ బత్తాయితో వచ్చింది. నేను గోటితో ఒక గాటు మాత్రం పెట్టి ఇచ్చి, పక్కన కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. తొనలు నలిగాయి, రసం గౌను మీద కారింది. చివరకు ఒక తొన నా చేతిలో పెట్టింది. ఈ వారం మీ ఇంట్లోనూ ఒక పండును పిల్లల చేతికిచ్చి, కాసేపు కూర్చుని చూడండి.