ఆట సామానుతో కంటి లెన్సు

నాకు నచ్చిన శాస్త్రవేత్త ఓటో విఖ్తెర్లె గారు. వీరు 1913లో ఇప్పటి చెక్ దేశంలో పుట్టారు. 1942లో హిట్లర్ పోలీసులు జైల్లో పెట్టారు. 1958లో కాలేజీ ఉద్యోగం తీసేశారు. అయినా పని మానలేదు.

అప్పటి కంటి లెన్సులు గట్టివి, కంట్లో ఒత్తుకునేవి. విఖ్తెర్లె గారు, లీమ్ గారు కలిసి హైడ్రోజెల్ చేశారు. అది నీళ్లు పీల్చి తాటిముంజలాగ మెత్తగా ఉంటది. కానీ లెన్సులు సరిగ్గా రావట్లేదని సర్కారు పని ఆపించింది.

1961 క్రిస్మస్‌కి ఇంట్లోనే పిల్లల ఆట సామాను, సైకిలు డైనమో కలిపి మిషను చేశారు. అచ్చులో రసాయనం పోసి గిర్రున తిప్పితే 4 లెన్సులు వచ్చాయి. ముందు తన కంట్లోనే పెట్టుకుని చూశారు. గుచ్చలేదు!

వీరు 1998లో చనిపోయారు. ఇప్పుడు ఒంట్లో కరిగిపోయే జెల్లులు కూడా ఉన్నాయి. మన లాబ్ చిన్నదే, అయినా చేసి చూద్దాం అనిపించింది నాకు.