చక్కెర జబ్బు తల్లుల డాక్టరమ్మ

ప్రాక్టికల్స్‌లో పిల్లలకు కోడిపిండం స్లైడు చూపించేటప్పుడల్లా నాకొక అమెరికన్ డాక్టరమ్మ జ్ఞాపకం వస్తుంది. ఆవిడ పేరు ప్రిసిల్లా వైట్. ఆవిడకు కోడిగుడ్లతో పనేమీ లేదు. ప్రసూతి శాస్త్రంలో వైట్ వర్గీకరణ అని మన మెడికల్ కాలేజీ పిల్లలు బట్టీపట్టేది ఆవిడ పేరే. ఆ వైట్ ఒక స్త్రీ అని నాకు చాలాకాలం తెలియదు. తెలిశాక కొంచెం సిగ్గేసింది.

ఆవిడ 1900లో బోస్టన్‌లో పుట్టింది. రాడ్‌క్లిఫ్ కాలేజీలో చదువుకుని, 1923లో టఫ్ట్స్ వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకుంది. అదే ఊళ్ళో హార్వర్డ్ వైద్య కళాశాల ఉంది గాని, అది ఆడపిల్లలకు తలుపు తీసింది 1945లో లెండి. 1924లో ఎలియట్ జోస్లిన్ అనే ప్రసిద్ధ మధుమేహ వైద్యుని దగ్గర చేరి, 1974లో పని విరమించేదాకా అక్కడే ఉంది.

ఆవిడ చేరేనాటికి ఇన్సులిన్ మనిషికి ఇవ్వడం మొదలై రెండేళ్ళు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పసివాళ్ళు ఏడాదో రెండేళ్ళో బతికేవారు. ఇన్సులిన్ వచ్చాక బతికారు. ఆ పిల్లల వైద్యం జోస్లిన్ ఆవిడకు అప్పగించాడు. ఏళ్ళు గడిచేకొద్దీ వాళ్ళలో ఆడపిల్లలు పెద్దవాళ్ళయ్యారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, తమకు బిడ్డలు కావాలని వచ్చారు. వద్దనే సలహాయే ఆ రోజుల్లో మామూలు. వైట్ అలా అనలేదు. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది అక్కడే.

1924లో ఆ క్లినిక్‌లో ఇలాంటి కాన్పుల్లో బిడ్డ దక్కేది నూటికి 54. తల్లి బాగానే ఉండేది. తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే, ఏ సూచనా లేకుండా పోయేది. వైట్ పద్ధతి వినడానికి చాలా సాదా. తల్లిని మాటిమాటికీ తనే చూసేది. ఇన్సులిన్, ఆహారం లెక్కలు తనే సరిచేసేది. నెలలు నిండకముందే, ఆ ప్రమాదపు వారాలు రాకుండా కాన్పు చేయించేది. పుట్టిన మరుక్షణం బిడ్డను చూసుకునే ఏర్పాటు సిద్ధంగా ఉంచేది. అలా 2,200 పైచిలుకు గర్భాలను ఆవిడ కనిపెట్టుకుని ఉంది. విరమించేనాటికి నూటికి 90 మందికి పైగా బిడ్డలు దక్కుతున్నారు. 1949లో ప్రకటించిన ఆ వర్గీకరణ కూడా ఈ అనుభవంలోంచి వచ్చిందే. జబ్బు ఏ వయసులో వచ్చింది, ఎన్నేళ్ళయింది, రక్తనాళాలు ఎంత దెబ్బతిన్నాయి అన్నదాన్నిబట్టి తల్లులను తరగతులుగా విడదీసింది. 1960లో బాంటింగ్ పతకం వచ్చింది. అది అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే.

ఒక సంగతి దాచడం మాత్రం న్యాయం కాదు. బిడ్డ చావుకు తల్లి హార్మోన్లలో తేడాయే కారణమని ఆవిడ గట్టిగా నమ్మి, స్టిల్‌బెస్ట్రాల్ వంటి హార్మోన్లు ఇచ్చేది. 1955లో బ్రిటన్‌లో చేసిన పరీక్ష వాటివల్ల ప్రయోజనం లేదని తేల్చింది. అసలు ఆ మందు ఎవరు వాడినా, కడుపులో ఉన్న ఆడపిల్లలకు తర్వాత అరుదైన కాన్సర్ రావచ్చని 1971లో బయటపడింది. ఆవిడ గెలుపు ఆ మందుది కాదు, ఆ కాపలాది అని నా అభిప్రాయం.

చివరి నెలల చావులు తగ్గాక ఇంకొకటి మిగిలిపోయింది. కొందరు బిడ్డలు గుండెలోనో, వెన్నులోనో, మెదడులోనో లోపంతో పుట్టేవారు. కొందరికి నడుము కింది వెన్నెముకే సరిగా ఏర్పడేది కాదు. తొమ్మిదో నెలలో ఎంత కాపలా కాసినా దీనికి లాభం లేదు. ఎందుకు లేదో చెప్పడానికే నాకు ఆ స్లైడు కావాలి. 24 గంటల కోడిపిండంలో రెండు నాడీ ముడుతలు ఒకదానివైపు ఒకటి వంగుతూ కనిపిస్తాయి. అవి కలిస్తే నాడీనాళం. అదే తర్వాత మెదడు, వెన్నుపాము. మనిషిలో ఆ నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకల్లా మూసుకుపోతుంది. గుండె రూపం ఎనిమిది వారాలకల్లా దాదాపు పూర్తి. తల్లి రక్తంలోని గ్లూకోజు పిండానికి చేరుతుంది; తల్లి ఇన్సులిన్ చేరదు. పిండానికా, అప్పటికి సొంత ఇన్సులిన్ తయారుచేసుకునే క్లోమమే ఉండదు. గ్లూకోజు ఎక్కువైతే కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగి, నాళం మూసుకోవడానికి అవసరమైన పాక్స్-3 అనే జన్యువు సరిగా పనిచేయదని ఎలుకల్లో చూశారు. నెల తప్పిందని ఆ అమ్మాయి గమనించేసరికి ఆ నాలుగు వారాల్లో రెండు అయిపోయే ఉంటాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి మిగతా రెండూ అయిపోతాయి.

1981లో అదే జోస్లిన్ క్లినిక్ వైద్యులు 116 మంది తల్లుల లెక్క ప్రకటించారు. తొలి నెలల్లో హీమోగ్లోబిన్ ఎ-1-సి 8.5 దాటని వాళ్ళ బిడ్డల్లో పెద్ద లోపాలు నూటికి 3.4; దాటినవాళ్ళలో 22.4. అంటే కాపలా గర్భానికి ముందే మొదలుకావాలి. అప్పటికి వైట్ వయసు 81. ఆవిడ 1989 డిసెంబరులో పోయింది.

గర్భం మధ్యలో కొత్తగా వచ్చే సుగరును దీంతో కలపకూడదు. అప్పటికి అవయవాలు ఏర్పడిపోయి ఉంటాయి. బిడ్డ మరీ బొద్దుగా పెరగడం వంటివే దాని చిక్కులు. మన ఆసుపత్రుల్లో గ్లూకోజు నీళ్ళు తాగించి చేసే పరీక్ష ముఖ్యంగా దానికోసమే. ముందునుంచీ జబ్బున్న అమ్మాయి సంగతి వేరు.

చాలా ఏళ్ళ కిందట ఒక విద్యార్థిని క్లాసయ్యాక ఆగి, ఆ నాళం మూసుకోవడానికి మనుషుల్లో ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది. 28 రోజులని చెప్పాను. రికార్డు పుస్తకం అట్ట వెనకాల రాసుకుంది. తనకు పదో ఏటినుంచీ ఇన్సులిన్ సూదులున్నాయనీ, సంబంధం కుదిరిందనీ, ఆ సంగతి మగపెళ్ళివారికి చెప్పొద్దని ఇంట్లో ఒట్టు వేయించుకున్నారనీ అప్పుడు చెప్పింది. సూదులు దాచుకుని కాపురం చేస్తూ ఆ 28 రోజులూ ఎలా కాచుకోవాలి మేడమ్ అని అడిగింది. ఆ సాయంత్రం వాళ్ళ అమ్మగారితో మాట్లాడ్డానికి నేను వాళ్ళింటికి వెళ్ళాను.