చార్లెసు డికెన్సు – ఆయన చదువరులు

ఆంగ్లభాషలో కథలు వ్రాసినవారు పెక్కురు గలరు. కాని తాను వ్రాసిన కథను తానే సభలో నిలిచి చదివి, వేలకొలది జనులను నవ్వించి, యేడ్పించి, ఆ శ్రమచేతనే ఆయువును తగ్గించుకొనినవాడు చార్లెసు డికెన్సువంటివాడు వేరొకడు కానరాడు. ఆలివరు ట్విస్టు అను అనాథ బాలుడు మరికొంత గంజి యడిగిన ఘట్టము మన విద్యార్థులలో పలువు రెరిగినదే. ఆ కథ వ్రాసినవానికిని, దానిని చదివినవారికిని గల సంబంధ మెట్టిదో యెరిగినవారు మాత్రము తక్కువ. ఈ వ్యాసమున దానినే ముఖ్యముగా చెప్పదలచితిని.

డికెన్సు 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన ఇంగ్లాండు దక్షిణ తీరమందలి పోర్ట్సుమతు నగరమున జన్మించెను. తండ్రి నౌకాదళపు జీతముల కచ్చేరిలో గుమాస్తా. మంచివాడు, మాటకారి; కాని రాబడికి మించి వ్యయము చేయువాడు. 1824లో ఋణదాతలు ఆయనను లండనులోని మార్షల్సీ చెరసాలలో పెట్టించిరి. ఇంచుమించుగా ఆ దినములలోనే, పండ్రెండేండ్ల చార్లెసును బడి మానిపించి, తేమ్సు నది యొడ్డున బూట్లకు పూయు నల్లరంగు తయారుచేయు కర్మాగారమున పనికి కుదిర్చిరి. రంగు డబ్బాలకు కాగితము కట్టి చీటీ లంటించుట పని. కూలి వారమునకు ఆరేడు షిల్లింగులు.

కొంతకాలమునకు ఆ కర్మాగారము వేరొక వీధికి మారెను. అచ్చట వెలుతురుకై పిల్లలను కిటికీ కడ కూర్చుండబెట్టిరి. వారి చేతివేగము చూచుటకు దారిన బోవువారు నిలుచుచుండిరి. జనులు గుమికూడి తనను చూచుట ఆ బాలునకు అదియే మొదలు. ఆ చూపులలో అతనికి దొరకినది మెప్పు కాదు, సిగ్గు. ఈ సంగతి నాతడు తన బిడ్డలకు సయితము చెప్పుకొనలేదు. ప్రాణమిత్రుడైన జాన్ ఫార్స్టరునకు మాత్రము తెలిపెను. ఆయన వ్రాసిన జీవితచరిత్ర మూలమున, డికెన్సు గతించిన పిమ్మటనే లోకమునకు తెలిసెను.

పిదప చార్లెసు మరల కొంతకాలము బడికి పోయి, న్యాయవాది కచ్చేరిలో గుమాస్తాయై, సంక్షిప్తలిపి నేర్చి, పార్లమెంటు ప్రసంగములను వ్రాసికొను పత్రికా విలేఖరి యయ్యెను. అయినను మనసు నాటకములమీదనే యుండెను. రాత్రులయందు తరచుగా నాటకశాలకు పోయి, ప్రసిద్ధ నటుల రీతులను గమనించి, యింట గంటలకొలది వాని నభ్యసించెను. 1832లో కావెంటు గార్డెను నాటకశాలవారు అతనిని పరీక్షించుటకు ఒక దినము నిర్ణయించిరి. ఆ దినమున జలుబు చేసి ముఖము వాచుటచే పోలేకపోయెను. తరువాత పత్రికలలో పేరు వచ్చుటచే ఆ ప్రయత్నము విడిచెను. ఆ జలుబే లేకున్న ఆంగ్ల వాఙ్మయము ఎంత నష్టపోయెడిదో!

నటుడు కాలేదు, కాని లోపలి నటుడు చావలేదు. ఆయన కుమార్తె యొకతె జబ్బునుండి కోలుకొనుచు తండ్రి వ్రాతగదిలో పరుండి చూచిన దానిని తరువాత వర్ణించినది. ఆయన వ్రాయుచు వ్రాయుచు దిగ్గున లేచి, అద్దము కడకు పరుగెత్తి, ముఖమును చిత్రవిచిత్రముగా మార్చి, మరల బల్ల కడకు వచ్చి వడివడిగా వ్రాయుచుండెనట. గదిలో బిడ్డ యున్నదను మాటయే మరచెనట. పాత్రను ముందు తాను నటించి, పిదప కాగితముమీద పెట్టుట ఆయన పద్ధతి యని దీనివలన తోచుచున్నది.

1836 ఏప్రిలు మొదలు ఆయన పిక్విక్కు కథ నెలకొక సంచికగా వెలువడసాగెను. సంచిక వెల యొక షిల్లింగు. ఆరంభమున కొన్ని వందల ప్రతులే చెల్లెను. సామ్ వెల్లరు అను హాస్యపు సేవకుడు కథలో ప్రవేశించిన పిమ్మట అమ్మకము పెరిగి, ముగియునాటికి సంచికకు 40,000 ప్రతులయ్యెను. అప్పటికి గ్రంథకర్తకు ఇరువదియైదేండ్లు.

నెలనెల కథ వెలువరించు ఈ పద్ధతి గమనింపదగినది. పూర్తియైన గ్రంథము నచ్చొత్తించువానికి చదువరుల తీర్పు పని ముగిసిన పిమ్మటగాని తెలియదు. డికెన్సునకు అట్లు కాదు. ఈ నెల జనులు నవ్విరా, నిట్టూర్చిరా, విసిగిరా అనునది వచ్చు నెల వ్రాయకముందే చేరుచుండెను. నటునకు సభ ఎదుట నున్నట్లు, ఈయనకు దేశమంతయు నెదుట నున్నది. చదువురానివారును ఇందులో చేరిరి. మన పల్లెలలో ఒకరు పురాణము చదువగా పదుగురు వినునట్లు, లండనులో ఒక పొడుము దుకాణపు పైయింటి వారు నెలకొకసారి కూడి టీ త్రాగుచు, ఇంటి యజమాని సంచికను బిగ్గరగా చదువగా వినుచుండిరి. వారిలో నొక పనిమనిషి, ఇంత కథ నొక్కడే వ్రాసెనని తెలిసి ఆశ్చర్యపడినదట.

శ్రోతలు దగ్గర నున్నచో వారి గొంతు వినబడక మానదు. 1841లో లిటిల్ నెల్ అను బాలిక మరణము సమీపించుచున్నదని గ్రహించి, ఆమెను చంపవలదని పలువురు జాబులు వ్రాసిరి. ఆయన మిక్కిలి దుఃఖించుచునే చంపెను. 1843లో మార్టిన్ చజిల్‌విట్టు కథకు ఆదరణ తగ్గగా, కథానాయకుని అమెరికాకు పంపెను. అమ్మకము కొంచెమే పెరిగెను. అమెరికావారికి కోపము మాత్రము దండిగా వచ్చెను. సభ మెప్పుకై కథను త్రిప్పుట ఎల్లప్పుడు ఫలింపదు.

కాని చదువరుల మాట వినుటచే ఆయనకు గౌరవము పెరిగిన సందర్భములును గలవు. డేవిడ్ కాపర్‌ఫీల్డులో ఒక మరుగుజ్జు స్త్రీని దుష్టురాలినిగా చిత్రింపబోగా, అట్టి దేహముగల పొరుగామె యొకతె తన్నే యెగతాళి చేసితివని మొరపెట్టుకొనెను. డికెన్సు సిగ్గుపడి, తరువాతి సంచికలలో ఆ పాత్రను మంచిదానినిగా మార్చెను. 1863లో ఒక యూద స్త్రీ, ఆలివరు ట్విస్టులోని ఫేగిన్ పాత్రవలన తమ జాతికి అన్యాయము జరిగినదని వ్రాసెను. ఆయన మొదట సమర్థించుకొనెను. పిదప 1864లో ఆరంభించిన నవలలో రయా అను సద్గుణవంతుడైన యూదుని సృజించెను. పాత నవలను మరల అచ్చు వేయించునపుడు, ఫేగినును జాతిపేరుతో పిలిచిన మాటలను పెక్కింటిని తీసివేసెను. వ్రాసినది వ్రాసితినని భీష్మించి కూర్చుండుటకంటె ఇది గొప్పదని నా యభిప్రాయము.

సభలలో చదువుట ధర్మకార్యముగా మొదలయ్యెను. 1853 డిసెంబరు 27వ తేదీన బర్మింగుహాము పురమందిరమున, ఒక విద్యాసంస్థ సహాయార్థము, తన క్రిస్మసు కథను చదివెను. మూడు దినముల పిమ్మట కూలిపని చేయువారికే ప్రత్యేకముగా, ఆరు పెన్నీల టిక్కెట్టుపై మరల చదివెను. సుమారు రెండువేల యైదువందలమంది వచ్చిరి. ఏ మాటకు ఎచ్చట నవ్వవలయునో వారికెవ్వరును నేర్పనక్కరలేకపోయెను. ఇన్నాళ్లు జాబులలోను, లెక్కలలోను తెలిసిన ఆదరణ అపుడు చెవికి వినబడెను. ఆ రుచి మరగిన వానికి వ్రాతబల్ల యొంటరితనము చాలునా?

1858 ఏప్రిలు 29 నుండి తన లాభముకొరకే చదువనారంభించెను. రచయితయైనవాడు డబ్బుకు రంగమెక్కుట తగదని ఫార్స్టరు వారించెను. డికెన్సు వినలేదు. పదిమంది బిడ్డల తండ్రి. పెద్ద యిల్లు కొనెను. ఇంట శాంతి లేదు. ఆ సంవత్సరముననే భార్యతో ఎడబాటు కలిగెను. అంతటితో నూరకుండక, జూనులో తన పత్రికలో ఆ గృహకలహమును గూర్చి చదువరులకు విజ్ఞప్తి ప్రకటించెను. వారందరు తన కుటుంబమువారే యని నమ్మెను కాబోలు. ఎరుగనివారికి సయితము ఎరుకపరచుట తప్ప దానివలన కలిగిన ప్రయోజనము లేదు. ఇది ఆయన జీవితమున పెద్ద పొరపాటు. దీనిని దాచుట న్యాయము కాదు.

సభలో వేషము లేదు, తెరలు లేవు. వెనుక ముదురు రంగు వస్త్రము, ముందు చిన్న బల్ల, పైన వాయుదీపముల వెలుగు. పుస్తకము చేత నున్నను, చదువవలసిన భాగ మంతయు కంఠస్థమే. హరిదాసు ఒక్కడే రాముడై రావణుడై పలుకునట్లు, ఆ యొక్క గొంతునుండి పదిమంది పాత్రలు పలికెడివి. ఒక కథను సభకు తెచ్చుటకు ముందు ఇన్నూరు మార్లకు పైగా అభ్యసించితినని ఆయనయే మిత్రునకు వ్రాసెను. నవ్వు వచ్చిన నవ్వుడని, కన్నీరు వచ్చిన ఆపుకొనవలదని, స్నేహితులు కూడి కథ వినుచున్నట్లే యుండుడని శ్రోతలను ముందుగా కోరెడివాడు. పేదలు రాగలుగునట్లు ఒక షిల్లింగు స్థలముల నుంచుమని పట్టుపట్టెడివాడు.

1865 జూను 9వ తేదీన స్టేపిల్‌హర్స్టు కడ ఆయన యెక్కిన రైలు వంతెనపై పట్టాలు తప్పెను. పదిమంది మరణించిరి. ఆయన గాయపడినవారికి నీరు పోసి, పిదప వ్రేలాడుచున్న పెట్టెలోనికి మరల ప్రాకి, వచ్చు సంచిక వ్రాతప్రతిని తెచ్చుకొనెను. నాటినుండి రైలు ప్రయాణమన్న దేహము వణకెడిది. అయినను 1867 నవంబరులో అమెరికాకు పోయి, ఐదు నెలలలో 76 సభలలో చదివెను. టిక్కెట్లకై జనులు మంచులో రాత్రులు గడిపిరి. పగలంతయు జలుబుతో, నిద్రలేమితో, అన్నము సహింపక పడియుండువాడు సాయంకాలమునకు లేచి రెండు గంటలు సింహమువలె నిలిచెడివాడు.

తిరిగి వచ్చిన పిమ్మట, దుండగీడు సైక్సు నాన్సీని చంపు ఘట్టమును చదువబూనెను. తోటలో నొకడు స్త్రీని కొట్టుచున్నట్లు కేకలు వినబడగా పెద్దకుమారుడు పరుగెత్తిపోయి చూచెను. తండ్రి అభ్యాసము చేయుచుండెను. ఇది మిక్కిలి గొప్పగా నున్నది, కాని చేయవలదని కుమారుడు చెప్పెను. 1869 జనవరి 5 నుండి అది సభలలో సాగెను. ఆ ఘట్టము ముగియునప్పటికి నిమిషమునకు 72 కొట్టుకొను నాడి 124 వరకు పోయెడిది. వీధిలో నడచునపుడు దుకాణముల పేర్లలో కుడివైపు అక్షరములే కనబడసాగెను. ఏప్రిలులో వైద్యుడు ఆ యాత్రను మాన్పించెను.

అయినను సెలవు తీసికొనకుండ పోలేనని, 1870 ఆరంభమున లండనులో పండ్రెండు సభలకు అనుమతి సంపాదించెను. వైద్యుడు ప్రతిరాత్రి దగ్గర నుండెను. తండ్రి తూలినచో పట్టుకొనుటకై కుమారుడు ముందువరుసలో కూర్చుండెను. ముప్పదినాలుగేండ్ల క్రిందట తాను సృజించిన పిక్విక్కు పేరే ఒక రాత్రి నోట సరిగా పలుకలేదు. మార్చి 15వ తేదీన, మొదట చదివిన ఆ క్రిస్మసు కథతోనే ఆరంభించి, చివరి సభ నడిపెను. పిదప, ఈ దీపముల వెలుగునుండి శాశ్వతముగా తొలగుచున్నానని చెప్పి, చేతిని ముద్దుపెట్టుకొని శ్రోతలవైపు చాచి, కన్నీటితో లోపలికి పోయెను.

సభలవలన ఆయన కూడబెట్టినది సుమారు 45,000 పౌనులు; విడిచిపోయిన ఆస్తిలో ఇంచుమించు సగము. ఆ పండ్రెండేండ్ల శ్రమ వ్రాతకు వినియోగమైనచో మరి రెండు మూడు గొప్ప నవలలు మిగులునని కొందరందురు. కావచ్చును. కాని జనుల నవ్వు వినుచు బ్రదికినవానికి, ఆ నవ్వు లేనిచో వ్రాత సాగెడిదా యను సంశయము నాకు కలదు.

జూను 8న కొత్త నవల ఎడ్విన్ డ్రూడును వ్రాసి, సాయంకాలము భోజనపు బల్ల కడ కూలెను. మరునాడు, రైలు ప్రమాదము జరిగి సరిగా ఐదేండ్లు నిండిన దినమున, మరణించెను. 14వ తేదీ ఉదయమున, ఎక్కువమందికి తెలియకుండ, వెస్టుమినిస్టరు దేవాలయమున సమాధి చేసిరి. సంగతి తెలిసి, మూయక యుంచిన గోతి కడకు వేలకొలది జనులు పూలతో వచ్చిరి. పండ్రెండు సంచికలలో ముగియవలసిన ఆ కథకు మూడు ఆయన బ్రదికియుండగా వెలువడెను. మరి మూడు బల్లమీద దొరకినవి. హంతకు డెవ్వడో తెలియక, చదువరు లిప్పటికిని తమలో తాము వాదించుకొనుచునే యున్నారు.