కొత్వాలు నెలకొల్పిన విద్యార్థి కుటుంబం

నాంపల్లి స్టేషనులో రైలు దిగి ఆబిడ్స్ వైపు నడచి వచ్చేవారికి నేడు కనిపించేవి దుకాణాలు, హోటళ్ళు, ఎడతెగని వాహనాల వరుసలు. ఆబిద్ అనే వర్తకుని దుకాణం పేరే ఈ కూడలికి స్థిరపడిందని పాతతరంవారు చెబుతారు. నూరు సంవత్సరాల క్రితం ఇదే దారిలో, నెత్తిన రేకుపెట్టె, చంకన పరుపుచుట్ట పెట్టుకొని, జిల్లాల నుండి వచ్చిన తెలుగు బాలురు బెదురుచూపులతో నడిచేవారు. వారికి నగరంలో బంధువులు లేరు. నగరపు వ్యవహార భాషయైన ఉర్దూలో తడబడకుండా మాట్లాడే నేర్పు లేదు. బడి దొరికినా తలదాచుకొనే చోటు దొరకక, కన్నీటితో తిరుగుబండి ఎక్కినవారు ఎందరో! ఆ బాలుర కొరకు ఒక ఇంటిని నిలబెట్టిన మహనీయుడు ఒక పోలీసు అధికారి కావడం మన నగర చరిత్రలోని విశేషం. ఆయనే రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు.

వెంకటరామారెడ్డి గారు 1869 ఆగస్టు 22వ తేదీన పాలమూరు ప్రాంతంలోని వనపర్తి సంస్థాన సీమలో, రాయణిపేట గ్రామంలో జన్మించారు. ఆనాడు పల్లెలలో చదువంటే వీధిబడి చదువే. ఆ తరువాత కావలసినది రాజభాషా పరిచయం. ఆయన ఉర్దూ, పారశీక భాషలను శ్రద్ధగా అభ్యసించి, పోలీసు శాఖలో అమీనుగా ప్రవేశించారు. జిల్లాలలో పనిచేసిన సంవత్సరాలు ఆయనకు రెండవ పాఠశాల అయినవి. దేశ్‌ముఖు గడీ మొదలు కూలివాని గుడిసె వరకు జనజీవనాన్ని ఆయన కన్నులారా చూచారు. క్రమంగా పైమెట్లు ఎక్కి రాజధానికి వచ్చి, 1920లో హైదరాబాదు నగర కొత్వాలు పదవిని అలంకరించారు. ఆసఫ్‌జాహీల కాలంలో ఆ పదవిని అందుకొన్న తొలి హిందువుగా ఆయనను చెప్పుకొంటారు.

కొత్వాలు అంటే నేటి పోలీసు కమీషనరు వంటివాడని ఊరుకొంటే ఆ పదవి బరువు మనకు తెలియదు. నగర శాంతిభద్రతల విషయంలో ఆయన నేరుగా నిజాం ప్రభువుకే జవాబుదారి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయనను సుమారు పదునాలుగు సంవత్సరాలు ఆ పదవిలో ఉంచి, రాజా బహదూర్ బిరుదుతో గౌరవించారు. మొహర్రం ఊరేగింపు అయినా, గణేశోత్సవం అయినా నగరంలో సక్రమంగా జరిపించవలసిన బాధ్యత ఆయనదే. ఇరుమతాలవారి విశ్వాసం లేనివాడు అన్ని సంవత్సరాలు అక్కడ నిలువలేడు.

అయినను ఆయన పేరును చిరస్థాయిగా నిలిపినది ఆ అధికారం కాదు, ఒక వసతిగృహం. కొత్వాలు కావడానికి రెండు సంవత్సరాల ముందే, 1918లో, తమ కులస్థులైన సంస్థానాధీశులను, భూస్వాములను కూడగట్టి, విరాళాలు సేకరించి, రెడ్డి హాస్టలు స్థాపనకు ఆయన పూనుకొన్నారు. అది ఎంతటి అవసరమైన కార్యమో ఆనాటి పరిస్థితులే చెబుతాయి. 1921 నాటి జనాభా లెక్కలలో నైజాం రాష్ట్రంలో నూటికి అయిదుగురు కూడా అక్షరాస్యులు లేరు. రాష్ట్ర ప్రజలలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగే అయినా, ఉన్నత విద్యకు తెలుగు వాహకం కాలేదు. హాస్టలు పుట్టిన 1918వ సంవత్సరమే ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా అవతరించింది. అడిక్‌మెట్‌లో నేటి ప్రాంగణం సిద్ధం కాకముందు ఆ విశ్వవిద్యాలయం ఈ ఆబిడ్స్ పరిసరాలలోని భవనాలలోనే నడిచింది. అనగా విద్య ఈ వీధులకు వచ్చింది. పల్లె బాలుడు ఆ విద్యను అందుకొనాలంటే ఈ వీధులలో ఒక గది, రెండు పూటల అన్నం కావాలి. ఆ రెండింటినీ సమకూర్చడం హాస్టలు చేసిన మొదటి మేలు.

రెండవ మేలు అంతకంటె లోతైనది. ఒకే కప్పు క్రింద నిదురించి, ఒకే పంక్తిలో భుజించి, ఒకే దీపం చుట్టూ చదివేవారు కొంతకాలానికి ఒక కుటుంబమవుతారు. ఓరుగల్లు బాలుడు, నల్లగొండ బాలుడు, పాలమూరు బాలుడు ఒకరి కష్టసుఖాలు మరొకరికి చెప్పుకొన్నప్పుడు, తమ ఊరి వెట్టి మరొక ఊరిలోనూ ఉన్నదని, తమ భాషకు జరిగిన చిన్నచూపు అందరికీ జరిగినదేనని గ్రహించారు. పాఠ్యపుస్తకం చెప్పని ఈ పాఠాన్ని సహజీవనం చెప్పింది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో నాటిన విద్యాసంస్థకు వసతిగృహ జీవితమే ప్రాణమైనది. 1901లో రవీంద్రుడు శాంతినికేతనంలో గురుశిష్యుల సహవాసాన్నే విద్యగా భావించాడు. మన నాంపల్లిలో అనీసుల్ గుర్బా అనాథ బాలలను అక్కున చేర్చుకొన్నది. మనుష్యులను మార్చదలచినవారు మొదట వారికొక ఇల్లు చూపడం అన్ని చోట్లా కనిపిస్తుంది.

ఈ ఇంటికి ఆత్మ వంటివారు సురవరం ప్రతాపరెడ్డి గారు. మదరాసులో చదివి వచ్చిన ఈ పాలమూరు పండితుడు హాస్టలు కార్యదర్శిగా ఉండి, అక్కడి గ్రంథాలయాన్ని పెంచి, విద్యార్థులకు పఠనాభిరుచిని కలిగించారు. 1926లో ఆయన సంపాదకత్వాన గోలకొండ పత్రిక వెలువడింది. తెలంగాణలో కవులే లేరన్న ఆక్షేపణకు సమాధానంగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించినవారు ఆయనే. వెంకటరామారెడ్డి గారి జీవితచరిత్రను గ్రంథస్థం చేసినవారు కూడా ఆయనే.

ఇక్కడ ఒక చిత్రం గమనింపదగినది. వెంకటరామారెడ్డి గారు ప్రభుభక్తి పరాయణులు. ఆయన కోరినది చదువుకొని ఉద్యోగాలలో కుదురుకొనే యువకులను. కాని చదువు అనేది ద్వారం తెరచినవాని అనుమతి కొరకు ఎదురుచూడదు. 1929లో అనుమతి లేనిదే సభలు జరుపరాదని ప్రభుత్వం గస్తీ 53 అనే ఉత్తర్వు విధించిన రోజులవి. 1930లో మెదకు జిల్లా జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినవారు సురవరం వారు. ఆ సంవత్సరమే హాస్టలులో పెరిగిన రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి చదువులు విడిచి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొనడానికి బ్రిటిషాంధ్రకు తరలిపోయారు. తరువాతి కాలంలో వారిద్దరూ నిజాం పాలనపై సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకులైనారు. 1952 సార్వత్రిక ఎన్నికలలో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి నెహ్రూ గారిని మించిన ఓట్లు పొంది లోక్‌సభకు ఎన్నికైనారు. నగర శాంతిభద్రతలను కాపాడిన చేతులు కట్టిన ఇంటిలోనే ప్రభుత్వాన్ని ప్రశ్నించే గొంతులు పెరిగినవి. స్థాపకుడు ఊహించని ఫలమిది. అయినా అది ఆ చెట్టు ఫలమే.

గుణాలు చెప్పునపుడు లోపాన్ని దాచుట జీవితచరిత్రకు న్యాయం కాదు. ఈ వసతిగృహం ఒక కులం పేరున వెలసినది. ఇతర కులాల విద్యార్థులకు కూడా అందులో చోటు దొరికినా, పేరు మాత్రం ఆ కులానిదే. దీనిని చూచి ఇతర కులాలవారు కూడా తమ తమ హాస్టళ్ళను నెలకొల్పుకొన్నారు. ఆ విధంగా చదువు పెరిగింది, గోడలూ మిగిలినవి. భూములున్నవారు విరాళాలు పోగుచేయగలరు. భూమి లేని దళిత బాలునికి ఆ దారి ఎక్కడిది? అదే నగరంలో భాగ్యరెడ్డివర్మ గారు 1910లో ఇసామియా బజారులో మొదటి పాఠశాలను తెరచి, సంపన్నుల అండ లేకుండా ఆది హిందువుల విద్యకై జీవితాన్ని ధారపోశారు. ఈ రెండు ప్రయత్నాలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినపుడే ఆనాటి నగరం మనకు పూర్తిగా కనిపిస్తుంది. హాస్టలులో పెరిగిన రావి నారాయణరెడ్డి తరువాత హరిజన సేవక సంఘంలో పనిచేయడం, ఆ గోడలు దూకరానివి కావని చూపిన ఉదాహరణ.

కాలక్రమాన ఆ ఇంటి గడప విశాలమైనది. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు పురుడు పోసుకొన్నది రెడ్డి హాస్టలులోనే. కులం పేరుగల ఇల్లు కులంతో నిమిత్తం లేని భాషాసేవకు ఆశ్రయమైనది. వెంకటరామారెడ్డి గారు స్త్రీవిద్యకు కూడా చేయూతనిచ్చారు. మాడపాటి హనుమంతరావు గారు 1928లో నారాయణగూడలో ప్రారంభించిన బాలికల పాఠశాలకు అండగా నిలిచారు.

1953 జనవరి 25న ఎనుబదిమూడేండ్ల వయసులో ఆయన పరమపదించారు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సురవరం వారు కూడా కన్నుమూశారు. ఇల్లు కట్టినవారు, ఇంటికి వెలుగునిచ్చినవారు ఒకే ఏట వెళ్ళిపోయారు. మరుసటి యేడు, 1954లో, నారాయణగూడలో ఆయన పేరున మహిళా కళాశాల వెలసినది. తెలంగాణ పోలీసు అకాడమీ కూడా నేడు ఆయన పేరునే ధరించి ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలలో ఉర్దూ, తెలుగు ఒకే పత్రికలో ప్రక్కప్రక్క పుటలలో కూర్చుంటున్నవి. వాటిని వ్రాసే మనము అంత దగ్గరగా కూర్చుంటున్నామా అని ఒక్కసారి ఆలోచించుకొందాము. పరీక్షలు ముగిసిన పిమ్మట పాఠాలు మరపునకు రావచ్చు. ఒకే పళ్ళెంలో పంచుకొన్న రొట్టె, పరీక్ష ముందు రాత్రి భాష తెలియని మిత్రునికి విప్పి చెప్పిన ఒక పేజీ మరపునకు రావు. వెంకటరామారెడ్డి గారు తమవారి కొరకు ఒక తలుపు తీశారు. ఆ తలుపులో నుండి వచ్చినవారు తమవారు అనే మాటకు అర్థాన్ని పెద్దది చేశారు. ఆ మాట అర్థం ఇంకను పెరగవలసియే ఉన్నది. మిగిలిన పని మనది.