డాక్టరు జెర్డను దొరగారు

పూర్వము మన దర్శి నెల్లూరుజిల్లాలో చేరియుండెను. కంపెనీవారి కాలమున ఆ జిల్లాకు సివిల్ సర్జనుగా నుండిన థామస్ కావర్‌హిల్ జెర్డను దొరగారి చరిత్రము మన బాలబాలికలకు తెలిసికొనదగినది.

ఈయన 1811వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండునందలి డర్హాము సీమలో జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించి, కంపెనీ కొలువున సహాయవైద్యుడై 1836లో చెన్నపట్టణము చేరెను. గంజాము ప్రాంతమున జ్వరపీడితులైన సిపాయిలకు చికిత్స చేయుచు, తీరిక దొరకినప్పుడెల్ల పక్షులను పరిశీలించుచుండెను. ఆయన శ్రమించి కూర్చిన పక్షిచర్మములను తిరుచిరాపల్లినుండి స్కాట్లండునందలి యొక పండితునికి పంపగా, దారిలోనే చిమ్మటలు వానిని పాడుచేసెను. అయినను ఆయన నిరుత్సాహపడక, తాను వ్రాసియుంచుకొన్న విషయములనే ఆధారముగా గొని దక్షిణదేశపు పక్షుల పట్టికను ప్రకటించెను.

నెల్లూరున నున్నప్పుడు ఆయన యానాదులు మొదలగు అడవిజనులను విచారించి, పశుపక్ష్యాదుల నడవడిని, తెలుగుపేర్లను తెలిసికొనెను. చదువురాని వారికేమి తెలియునని తలపలేదు. నెల్లూరు కడప మండలముల కొండప్రక్కల పలుచని పొదలలో తిరుగు ఒక చిన్నపిట్టను ఆయన కనుగొనెను. దానిని తెలుగువారు అడవి ఉత్తతిత్తి యందురని వ్రాసెను. ఉత్తతిత్తి యనగా కాసులు లేని సంచి. 1848లో బ్లైతు పండితుడు ఆ పక్షికి శాస్త్రనామ ముంచెను.

1862 మొదలు 1864 వరకు జెర్డనుగారు భారతదేశ పక్షులనుగూర్చి గొప్ప గ్రంథమును వెలువరించెను. 1870లో స్వదేశమునకు మరలి, 1872 జూను 12వ తేదీన మరణించెను.

ఆయన పిట్ట మాత్రము 1900లో అనంతపురము ప్రాంతమున కడపటిసారి కనబడి, పిదప అదృశ్యమాయెను. పండితులు పగలు వెదకి వెదకి, అది నశించినదనుకొనిరి. కాని అది రాత్రి సంచరించు పక్షి! బొంబాయి సహజచరిత్ర సంఘమువారు కడపజిల్లా పల్లెలలో పటము చూపి విచారింపగా, పిట్టలు పట్టు గ్రామస్థు డొకడు గుర్తించి, 1986 జనవరిలో ఒకనాటి రాత్రి దానిని పట్టితెచ్చెను. నేడు తెలుగునాట అది కలివికోడి యను పేర ప్రసిద్ధము. 1988లో ఆ పక్షికొరకు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకమువలన దాని నివాసమునకు ముప్పు వాటిల్లగా, పిమ్మట కాలువదారి మార్పబడెను.

అయితే అడవికి కంచె వేసినంతమాత్రమున పిట్ట బ్రతుకదు. పొదలు మిక్కిలి దట్టమైనచోటను, బొత్తిగా లేనిచోటను అది యుండదు. మందలు మితముగా మేసిన, కట్టెలు మితముగా కొట్టిన, దానికి తగిన పొద నిలుచును, మితిమీరినచో నశించును. కావున ఆ పక్షి మేలు గొల్లవాని చేతిలోను, కట్టెలు కొట్టువాని చేతిలోను ఉన్నది. వారిని తరిమివేసి అడవిని కాపాడుట సాధ్యము కాదు. వారి కూటికి లోటు రాకుండ, వారిని కలుపుకొని కాపాడవలెను.

బాలబాలికలారా! జెర్డనుగారు అడవివారిని అడిగి నేర్చుకొనెను. వారిని మరల అడిగినప్పుడే పోయినదనుకొన్న పిట్ట దొరకెను. మీ ఊరి గొల్లతాతను ఈ సెలవులలో ఒక పిట్ట పేరడిగి, పుస్తకమున వ్రాసికొని రండు.